పిల్లల ఫిర్యాదు: మన చేతికి వచ్చిన అమానతు



మాటిమాటికీ ఏదో ఒకటి చెప్పి సణిగే పిల్లలు లేని ఇల్లు అరుదు. పొద్దున లేస్తే కడుపునొప్పి. బడికి వెళ్తే పక్క పిల్లాడు గిల్లాడని, ఇంటికొస్తే అన్న కొట్టాడని, అన్నం ముందు కూర్చుంటే ఈ కూర వద్దని. రోజంతా ఇదే వరస. వినీ వినీ అలసిపోయిన తల్లి "చాల్లే, నోర్మూసుకో" అంటుంది. పని నుంచి వచ్చిన తండ్రి "సబర్ చెయ్ బేటా, నీకంటే కష్టాల్లో ఎంతమంది పిల్లలు లేరు?" అంటాడు. ఆ మాటతో సణుగుడు ఆగిపోవచ్చు కానీ దాని వెనకున్న కారణం పోదు. మరునాడు అదే కారణం ఇంకో ఫిర్యాదుగా బయటికి వస్తుంది. లేదా పిల్లవాడు చెప్పడమే మానేస్తాడు. ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం.

ఈ వ్యాసం చెప్పదలచినది ఒక్కటే. పిల్లల ఫిర్యాదు మన దగ్గరికి వచ్చిన అమానతు. అడిగినవన్నీ ఇచ్చెయ్యాలని దీని అర్థం కాదు. వినడం, అర్థం చేసుకోవడం, ఏదో ఒక జవాబు చెప్పడం మన బాధ్యత. సొంత పిల్లల విషయంలోనూ ఇంతే. మనం ఇచ్చే జకాతు, సదఖాలతో చదువుకుంటున్న యతీమ్ పిల్లల, పేద పిల్లల విషయంలో ఈ బాధ్యత ఇంకా పెద్దది. ఎందుకో చివరి భాగంలో చూద్దాం.

సబర్ అంటే నోరు మూసుకోవడమా?

పిల్లల నోరు మూయించడానికి మనం తరచుగా వాడే రెండు మాటలు సబర్, శుక్ర్. రెండూ గొప్ప మాటలే. అయితే వాటిని ఏ సందర్భంలో వాడుతున్నామన్నది ఆలోచించుకోవాలి.

దివ్య ఖుర్ఆన్ సూరా యూసుఫ్‌లో హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కథ చూడండి. కన్నకొడుకు దూరమైన రోజున చక్కని సహనం వహిస్తానన్నది ఆయనే. తర్వాత తన దుఃఖాన్నీ, వేదననూ అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నానని చెప్పిందీ ఆయనే. ఒకే సూరాలో, ఒకే ప్రవక్త నోట ఈ రెండూ ఉన్నాయి. హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం) తనకు కలిగిన బాధను తన ప్రభువుకు చెప్పుకున్నట్లు సూరా అంబియాలో ఉంది. అదే అయ్యూబ్‌ను సూరా సాద్‌లో అల్లాహ్ సహనశీలిగా మెచ్చుకున్నాడు. బాధను తీర్చగలవాడికి బాధ చెప్పుకోవడం సహనానికి విరుద్ధం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంకా స్పష్టమైన ఉదాహరణ సూరా ముజాదిలా. హజ్రత్ ఖౌలా బిన్తె సఅలబా (రజి) భర్త ఆమెను తల్లితో పోల్చి, అజ్ఞాన కాలపు ఆచారం ప్రకారం దూరం పెట్టాడు. ఆమె దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) దగ్గరికి వచ్చి తన గోడు చెప్పుకుంది, మళ్ళీ మళ్ళీ వాదించింది. అదే ఇంట్లో ఓ పక్కన ఉన్న హజ్రత్ ఆయిషా (రజి)కి కూడా ఆమె మాటలు కొన్ని వినిపించలేదు. అల్లాహ్ విన్నాడు. ఆ సూరా మొదలయ్యేదే ఆమె ఫిర్యాదు విన్నానన్న ప్రకటనతో. ఒక సామాన్య స్త్రీ పదే పదే చెప్పుకున్న బాధకు జవాబుగా ఆదేశం దిగింది, ఒక దురాచారం పోయింది. ఈ సూరాను చదివే మనం, మన ఇంట్లో ఎనిమిదేళ్ళ పిల్ల రెండోసారి అదే మాట చెబితే విసుక్కోవడం ఎంతవరకు సబబు?

ప్రవక్త (స) విన్న తీరు

ప్రియ ప్రవక్త (స) జీవితంలో ఈ విషయానికి నేరుగా పనికివచ్చే ఘట్టాలు నాలుగున్నాయి.

మొదటిది బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. తిరగలి విసిరి విసిరి హజ్రత్ ఫాతిమా (రజి) చేతులు నొచ్చాయి. పనికి ఒక మనిషిని అడుగుదామని తండ్రి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఇంట్లో లేరు. విషయం హజ్రత్ ఆయిషా (రజి)కి చెప్పి తిరిగివచ్చింది. ప్రవక్త (స)కు ఆ కబురు అందగానే ఆ రాత్రే కూతురి ఇంటికి వచ్చారు. అప్పటికి దంపతులు పడుకున్నారు. లేవబోతుంటే వద్దని, వారి మధ్యన కూర్చున్నారు. అడిగిన మనిషిని ఇవ్వలేదు. దానికి బదులు, పడుకునే ముందు సుబ్‌హానల్లాహ్ 33 సార్లు, అల్‌హమ్దులిల్లాహ్ 33 సార్లు, అల్లాహు అక్బర్ 34 సార్లు అనమని నేర్పారు.

ఈ హదీసులో తస్బీహ్ సంగతి అందరికీ గుర్తుంటుంది. అది నేర్పిన తీరును కూడా గమనించాలి. కూతురి మాట ఇంకొకరి ద్వారా అందినా ఆయన పక్కన పెట్టలేదు. రేపు చూద్దామనలేదు. తానే లేచి వెళ్ళారు, దగ్గర కూర్చున్నారు. 'నీకు కష్టమేముంది' అనలేదు. అడిగింది ఇవ్వలేకపోయినా ఆమెను ఖాళీ చేతులతో వదిలిపెట్టలేదు. కోరిక తీర్చలేనప్పుడు కూడా ఫిర్యాదుకు మర్యాద ఎలా ఇవ్వాలో తల్లిదండ్రులకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

రెండోది అబూ ఉమైర్ అనే చిన్నపిల్లవాడి సంగతి. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు. వాడు ఆడుకునే చిన్న పిట్ట చనిపోయింది. మదీనా పరిపాలన చూస్తున్న ప్రవక్త (స) ఆ ఇంటికి వచ్చినప్పుడు వాడిని పేరుపెట్టి పిలిచి, పిట్ట ఏమైందని పలకరించారు. పిట్టే కదా, ఇంకొకటి కొనుక్కోవచ్చు అనలేదు.

మూడోది హజ్రత్ అనస్ (రజి) స్వయంగా చెప్పినది. పదేళ్ళు ప్రవక్త (స) సేవలో ఉన్న బాలుడాయన. ఆ పదేళ్ళలో ఒక్కసారి కూడా తనను విసుక్కోలేదని, ఎందుకు చేశావు, ఎందుకు చేయలేదు అని నిలదీయలేదని చెప్పారు. విసుగు మాట వినని పిల్లవాడు తన బాధ చెప్పుకోవడానికి భయపడడు.

నాలుగోది అబూ దావూద్‌లో వచ్చిన ఒంటె వృత్తాంతం. ఒక అన్సారీ తోటలో ఒంటె ప్రవక్త (స)ను చూసి కన్నీరు కార్చింది. ఆయన దాని తల నిమిరి ఊరడించి, యజమానిని పిలిపించారు. నువ్వు దీన్ని పస్తులుంచి అలసగొడుతున్నావని ఇది నాకు మొరపెట్టుకుందని చెప్పి, అల్లాహ్‌కు భయపడమన్నారు. మూగజీవి ఫిర్యాదుకే విచారణ జరిగిన ధర్మం మనది.

ఫిర్యాదు వెనక ఏముంటుంది?

పిల్లలకు పెద్దల్లాగా మాటలు ఉండవు. 'మా తరగతిలో నాకు స్నేహితులు లేరు, అవమానంగా ఉంది' అని ఏడేళ్ళ పిల్లవాడు చెప్పలేడు. 'కడుపు నొప్పి' అంటాడు. అబద్ధమాడుతున్నాడని అనుకోకూడదు. భయం, దిగులు పిల్లల కడుపులో నిజంగానే నొప్పి పుట్టిస్తాయి. తరచూ కడుపునొప్పి అనే పిల్లల్లో చాలామందికి పరీక్షల్లో పెద్ద జబ్బేమీ కనిపించదు. అయినా ఆ నొప్పి నిజమేనని పిల్లల డాక్టర్లు చెబుతారు.

మామూలుగా ఫిర్యాదులు నాలుగు చోట్ల నుంచి పుడతాయి.

ఒకటి, శరీరం. బోర్డు మీద అక్షరాలు కనిపించని పిల్ల తలనొప్పి అంటుంది, లేదా చదువంటే విసుగంటుంది. బడిలో మరుగుదొడ్డి బాగోలేక నీళ్ళు తాగడం మానేసిన ఆడపిల్ల కడుపునొప్పి, మూత్రంలో మంట అంటుంది. రక్తహీనత ఉన్నవాడు ఎప్పుడూ అలసటే అంటాడు. మలబద్ధకం, నులిపురుగులు, నిద్ర చాలకపోవడం, పొద్దున ఏమీ తినకుండా బడికి పోవడం వంటివన్నీ సణుగుడుగానే బయటికి వస్తాయి.

రెండు, భయం లేదా అవమానం. ఫీజు కట్టలేదని అందరిముందు నిలబెట్టడం, పేరునో మతాన్నో రంగునో బట్టి తోటివాళ్ళు ఎగతాళి చేయడం, టీచరు కొట్టడం, ఇంట్లో అమ్మానాన్నల గొడవలు.

మూడు, తోడు కావాలన్న ఆశ. మంచిగా ఉన్నప్పుడు ఎవరూ పలకరించరు, ఏదైనా నొప్పి అంటేనే అమ్మీ పక్కన కూర్చుంటుంది. ఈ లెక్క పిల్లలు చాలా తొందరగా నేర్చుకుంటారు. తప్పు వాళ్ళది కాదు. బాగున్న రోజున కూడా పది నిమిషాలు పక్కన కూర్చుంటే ఈ రకం ఫిర్యాదులు వాటంతటవే తగ్గుతాయి.

నాలుగు, అలవాటు. కరెంటు పోయినా, కూరలో ఉప్పు తగ్గినా, చుట్టాలు పిలవకపోయినా పెద్దవాళ్ళు దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుని గొణుగుతుంటే పిల్లలకు అదే మాట్లాడే పద్ధతి అవుతుంది. ఇక్కడ ముందు మారవలసింది మనం.

ఏది ఏ రకమో తెలియాలంటే ఒక చిన్న పని చేయండి. రెండు వారాలపాటు ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి: ఏ రోజు, ఏ వేళ, ఏమన్నాడు, అంతకుముందు ఏం జరిగింది, తర్వాత ఎలా తగ్గింది. నొప్పి సోమవారం పొద్దునే వచ్చి ఆదివారం రాకపోతే సంగతి బడిలో ఉంది. ఒక ట్యూషన్ ఉన్న రోజే వస్తే అక్కడ చూడాలి. అన్ని రోజులూ, ఆటల మధ్యలో కూడా వస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ప్రభుత్వ బడుల్లో, అంగన్‌వాడీల్లో ఉన్న పిల్లలకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఉచిత పరీక్షలు ఉన్నాయి. అడిగి చేయించుకోవాలి.

ఎలా వినాలి?

వినడం కూడా నేర్చుకోవలసిన పనే. క్రమం ఇది.

ముందు చేతిలో పని పక్కన పెట్టి పిల్లల ఎత్తుకు దిగి కూర్చోండి. వంట పొయ్యి మీద ఉంటే "పది నిమిషాల్లో వస్తా బేటా, అప్పుడు మొత్తం విన్తా" అని చెప్పి, చెప్పిన మాట ప్రకారం వెళ్ళండి. వెళ్ళకపోతే ఇంకోసారి నమ్మరు.

తర్వాత వాళ్ళు చెప్పినదాన్నే మీ మాటల్లో తిరిగి చెప్పండి. "ఆటలోకి నిన్ను రానివ్వలేదా? ఒక్కదానివే కూర్చున్నావా? బాధేసిందా?" ఈ మాటలతో పిల్ల సగం కుదుటపడుతుంది. ఇక్కడే మనం తొందరపడి "నువ్వేదో చేసుంటావ్", "అయితే వాళ్ళతో ఆడకు", "రేపు మీ టీచరుకు ఫోన్ చేస్తా" అంటాం. మొదటిది నేరం మోపడం, రెండోది తీర్పు, మూడోది పిల్ల అడగని సాయం. మూడూ తర్వాత చూడవచ్చు.

ఆ తర్వాత అడగండి: "నేను ఊరికే వింటే చాలా, ఏమైనా చేయాలా?" చాలాసార్లు వింటే చాలంటారు. చేయాలంటే "నువ్వేం చేస్తే బాగుంటుందనుకుంటున్నావ్?" అని వాళ్ళ ఆలోచన ముందు తీసుకోండి. పరిష్కారంలో వాళ్ళ చెయ్యి ఉంటే, రేపు మనం లేనిచోట కూడా నిలబడగలుగుతారు.

పోలికలు వద్దు. 'ఫలానా చాచా కొడుకును చూడు, ఎప్పుడైనా ఏడ్చాడా?' అంటే, వాడిలా నోరు విప్పకుండా ఉంటేనే మంచివాడినని పిల్లవాడు నేర్చుకుంటాడు.

గుట్టు కాపాడండి. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) బాలుడిగా తన కల తండ్రికి చెప్పినప్పుడు హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) నవ్వి కొట్టిపారేయలేదు. ఆ మాట అన్నలకు చెప్పవద్దని జాగ్రత్త చెప్పారు. మన ఇళ్ళలో పిల్ల ఏడుస్తూ చెప్పిన సంగతి సాయంత్రానికి ఖాలాలకూ, పక్కింటి వాళ్ళకూ కథగా చేరుతుంది. అదొక్కసారి జరిగితే చాలు, ఆ తలుపు మూసుకుపోతుంది.

చివరగా, మళ్ళీ అడగండి. రెండు రోజుల తర్వాత "ఆ రోజు చెప్పావే, ఇప్పుడెలా ఉంది?" అంటే, తన మాట ఎవరో గుర్తుపెట్టుకున్నారని పిల్లలకు తెలుస్తుంది.

ఓర్పుగా వినడమంటే హద్దులు లేకుండా వదిలేయడం కాదు. 'ఈ అన్నం నాకు నచ్చలేదు' అనవచ్చు. కంచం తోసేయకూడదు. అన్న కొట్టాడని చెప్పవచ్చు. అన్నను తిట్టకూడదు. ఇతరుల గురించి చెప్పడమంతా గీబత్ అవుతుందేమోనని కొందరు పిల్లల్ని వారిస్తారు. ఇమామ్ నవవీ (రహ్మతుల్లాహ్ అలైహి) రియాజుస్సాలిహీన్‌లో గీబత్‌కు ఆరు మినహాయింపులు చెప్పారు. వాటిలో మొదటిది, అన్యాయానికి గురైనవాడు న్యాయం చేయగలవాడికి చెప్పుకోవడం. "వేడుకకు చెబితే గీబత్, బాగుచేయడానికి చెబితే ఫిర్యాదు" అని పిల్లలకు అర్థమయ్యేలా తేడా నేర్పవచ్చు.

శుక్ర్ నేర్పడానికీ వేళ ఉంది. బాధ చెప్పుకుంటున్నప్పుడు కాదు, బాధ తగ్గాక. రాత్రి పడుకునే ముందు "ఈ రోజు నీకు నచ్చినవి ఏమైనా చెప్పు" అని అడిగి, తస్బీహ్‌తో ముగిస్తే, శుక్ర్ వాళ్ళకు నోరు మూయించే మాటగా కాక మనసు నిండే మాటగా అలవాటవుతుంది.

తేలిగ్గా తీసుకోకూడనివి

కొన్ని ఫిర్యాదులకు నోటుబుక్కు, రెండు వారాలు అని ఆగకూడదు. నొప్పితో రాత్రి నిద్రలో లేవడం, బరువు తగ్గడం, మలంలో రక్తం, వదలని జ్వరం, మళ్ళీ మళ్ళీ వాంతులు, పొద్దున లేస్తూనే వాంతితో కూడిన తలనొప్పి ఉంటే వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఒక మనిషి దగ్గరికో, ఒక చోటికో వెళ్ళనని మొండికేయడం, ఉన్నట్టుండి పక్క తడపడం, ఇష్టమైన ఆటలు కూడా వదిలేయడం, చచ్చిపోతానని అనడం వంటి వాటి వెనక దెబ్బలో, లైంగిక వేధింపో ఉండవచ్చు. ఆ మనిషి చుట్టమైనా, పాఠం చెప్పేవాడైనా, ఎంత పెద్ద గడ్డం ఉన్నవాడైనా పిల్ల మాటనే ముందు నమ్మాలి. "నువ్వు చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు" అని చెప్పాలి. 1098 పిల్లల హెల్ప్‌లైను, ఉచితంగా 24 గంటలూ పనిచేస్తుంది. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి 14416 టెలీ మానస్ ఉంది. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పితీరాలి. సంస్థ పరువు పోతుందని దాచడం చట్టం దృష్టిలో నేరం. అల్లాహ్ ముందు అమానతులో ఖియానత్.

దాతలకు ఒక మనవి

ఇప్పుడు మొదట వాయిదా వేసిన మాటకు వద్దాం. మన చందాలతో చదివే పిల్లలకు ఈ బాధ్యత ఇంకా పెద్దదని ఎందుకన్నాం?

సొంత తల్లిదండ్రులున్న పిల్లవాడు కూర బాగోలేదని కంచం ముందే చెబుతాడు. హాస్టల్లో ఉన్న యతీమ్ చెప్పడు. ఎవరో దయతో పెట్టిన అన్నమని, నోరెత్తితే సీటు పోతుందని వాడికి తెలుసు. వితంతువైన తల్లి కూడా ఫోన్‌లో అదే చెబుతుంది: "ఎట్లనో సర్దుకో బేటా, వాళ్ళకు కోపం తెప్పించకు." ఆమెకు వేరే దారి లేదు. కాబట్టి మన దగ్గర ఫిర్యాదులు లేవంటే అంతా బాగుందని అర్థం కాదు. బాధను వినే మనిషి అక్కడ లేకపోయి ఉండవచ్చు.

మన ప్రవక్త (స) పుట్టకముందే తండ్రిని పోగొట్టుకున్న యతీమ్. సూరా జుహాలో అల్లాహ్ ఆ సంగతి గుర్తుచేసి, ఆ వెంటనే యతీమ్‌ను అణచివేయవద్దని, అడిగేవాడిని కసిరికొట్టవద్దని ఆదేశించాడు. రెండు ఆదేశాలూ పక్కపక్కనే ఉన్నాయి. యతీమ్ పిల్లవాడు నోరు తెరిచి ఏదైనా అడిగిన రోజున ఈ రెండూ ఒకేసారి మనకు వర్తిస్తాయి. సూరా బఖరాలో, చేసిన మేలు ఎత్తిపొడిచి, మనసు నొప్పించి దానధర్మాలను వృథా చేసుకోవద్దన్న హెచ్చరిక ఉంది. 'మేం ఇంత చేస్తుంటే ఇంకా ఫిర్యాదా?' అన్న ఒక్క మాట ఈ రెండు తప్పులనూ కలిపి చేస్తుంది. ఇచ్చిన సొమ్ము ఖర్చవుతుంది, పుణ్యం మాత్రం చేతికి రాదేమోనని భయపడాలి.

అందుకని దాతలు, కమిటీ సభ్యులు చేయదగిన పనులు కొన్ని:

హాస్టలు చూడటానికి వెళ్ళినప్పుడు వార్డెన్ పక్కన ఉండగా "అంతా బాగుందా?" అని అడగకండి. ఆ ప్రశ్నకు 'బాగుంది' అన్నదే జవాబు. పిల్లలతో కలిసి ఒక పూట భోజనం చేయండి. మరుగుదొడ్లు, మంచినీళ్ళు మీరే చూడండి. నలుగురైదుగురు పిల్లలు కలిసి కూర్చున్నచోట, అందరికీ కనిపించేలా కూర్చుని "ఇక్కడ ఒక్కటి మార్చాలంటే ఏది మారుస్తారు?" అని అడగండి.

ఫిర్యాదు వినడానికి ఒక మనిషిని నియమించండి. ఆ మనిషి హాస్టలు నడిపేవారి చేతి కింద ఉండకూడదు. ఆడపిల్లలకు తప్పనిసరిగా ఒక మహిళ ఉండాలి. పిల్లల సంరక్షణ సంస్థల్లో సూచనల పెట్టె ఉండాలని 2016లో వచ్చిన బాలల న్యాయ నమూనా నియమాలు చెబుతున్నాయి. మన సంస్థ ఆ చట్టం కిందికి వచ్చినా రాకపోయినా ఆ పద్ధతి మంచిది. పెట్టె తాళంచెవి వార్డెన్ దగ్గర కాక కమిటీ దగ్గర ఉండాలి. పెట్టెను వారానికి ఒకసారి తెరవాలి. వచ్చిన ప్రతి కాగితానికీ జవాబు ఉండాలి. చేయలేని పని అయితే, ఎందుకు చేయలేమో పిల్లలకు చెప్పాలి. హజ్రత్ ఫాతిమా (రజి)కి దొరికిన మర్యాదలో మన వంతు అది.

ఎవరు చెప్పారో బయటపెట్టకండి. ఫిర్యాదు చేసినందుకు స్కాలర్‌షిప్ ఆగదని పిల్లలకూ తల్లులకూ రాతపూర్వకంగా చెప్పండి. నోటి మాట కంటే కాగితం మీద సంతకం వాళ్ళకు ధైర్యమిస్తుంది.

విరాళాల్లో కొంత చిన్న అవసరాలకు విడిగా ఉంచండి. కళ్ళజోడు, పంటి వైద్యం, శానిటరీ ప్యాడ్లు, దుప్పట్లు, కుళాయి మరమ్మతు, కౌన్సెలర్ ఫీజు. పిల్లల ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇలాంటి కొద్ది డబ్బుతో తీరేవే. సంగతి తెలియకపోవడం వల్లనే అవి ఏళ్ళ తరబడి మిగిలిపోతాయి. పెద్ద భవనానికి పునాదిరాయి వేసిన దాతకు ఎంత పుణ్యమో, ఆ భవనంలో ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ బిగించినవారికీ అల్లాహ్ దగ్గర ప్రతిఫలం ఉంటుంది.

వార్షిక సభలో పిల్లల్ని వేదిక మీద వరసగా నిలబెట్టి కృతజ్ఞతలు చెప్పించే అలవాటును మానుకోండి. నలుగురిలో చేయి చాచినట్టు నిలబడిన పిల్లవాడు తర్వాత మన దగ్గరికి వచ్చి కష్టం చెప్పుకోలేడు. వాళ్ళ మార్కులు, ఆటలు, ఖుర్ఆన్ పారాయణం వేదిక మీద ఉండనివ్వండి. పేదరికం ఉండనక్కర్లేదు.

తల్లులను మరచిపోవద్దు. ఇళ్ళల్లో పనిచేసి, బీడీలు చుట్టి, మిషను కుట్టి పిల్లల్ని సాకే వితంతువు రాత్రి పిల్లల మాట వినే ఓపిక లేక విసుక్కుంటే ఆమెను తప్పుపట్టలేం. ఆమెకిచ్చే రేషన్ కిట్‌తో పాటు, నెలకు ఒకసారి తల్లులంతా కలిసి కూర్చునే ఒక గంట ఏర్పాటు చేస్తే, అక్కడ ఆమె కష్టం కూడా ఎవరో ఒకరు వింటారు.

వచ్చే రమజాన్‌లో జకాతు లెక్క కట్టుకునేటప్పుడు, మీ సొమ్ముతో ఎంతమంది పిల్లలు చదువుతున్నారని సంస్థను తప్పక అడగండి. ఆ తర్వాత ఇంకో ప్రశ్న కూడా అడగండి: ఈ ఏడాది ఆ పిల్లలు ఏయే ఫిర్యాదులు చేశారు, వాటిలో ఎన్నింటికి జవాబు చెప్పారు? ఈ రెండో లెక్క కూడా వార్షిక నివేదికలో ఒక పేజీగా చేరాలి.

మన మాటలను వినే అల్లాహ్, మన పిల్లల మాటలను వినే ఓర్పును మనకు ప్రసాదించుగాక. మీరిచ్చిన ప్రతి రూపాయినీ స్వీకరించుగాక. ఆమీన్.